రాని నీళ్ళకు పెట్టిన రాయి

...కాదు బిడ్డా, ఆడ 'నేను' అని రాయకు. కొట్టెయ్యి. ఇబ్రహీం అని రాయి. నేను అని చెప్పవోతే మాట బయటికి రాదు నిషాత్. ఇబ్రహీం అంటే జర అవుతలి మనిషి లెక్క ఉంటడు, వాని సంగతి ఎంతన్న చెప్పొచ్చు. మాటలు మేం మాట్లాడినట్టే ఉండనీ, తక్కినది నీ బడి పుస్తకంల తీరు రాసుకో. రాసినవా? ఆఁ. ఇగ విను.

ఇబ్రహీంకు రాళ్ళంటే భయం. పాములంటే భయం లేదు, చీకటంటే లేదు. సున్నం కొట్టి నేలలో పాతిన రాయి కనిపిస్తే మాత్రం ఆయన దారి మార్చి నడుస్తాడు.

దానికి కారణం పాతూరు. కొల్లాపూర్‌కు దిగువన కృష్ణ ఒడ్డున ఉండేది ఆ ఊరు. ఇబ్రహీం వాళ్ళది దూదేకే ఇల్లు. ఆయనకు ముప్పై ఎనిమిదేళ్ళు ఉన్నప్పుడు, శ్రీశైలం డ్యాం నిండబోతున్నదని చెప్పి ఆఫీసర్లు వచ్చారు. ముందు ఇళ్ళు లెక్కపెట్టారు. తర్వాత చెట్లు లెక్కపెట్టారు. ఇంట్లో ఎందరు, వాళ్ళలో ముసలివాళ్ళెందరు, గొడ్లెన్ని, అన్నీ అడిగి రాసుకున్నారు. కాగితం మీద వేలిముద్రలు వేయించుకున్నారు. చివరికి ఊరి వెనక గట్టు మీద, ఏ తాత ముత్తాత కాలంలోనూ నీళ్ళు ఎక్కని చోట, తెల్ల సున్నం కొట్టిన రాళ్ళు వరసగా పాతారు. ఇక్కడి దాకా మునుగుతుంది అన్నారు. జనం కడుపు పట్టుకొని నవ్వారు. కృష్ణమ్మ గట్టు ఎక్కడమేమిటి, మేక ముల్లుకంప ఎక్కినట్టు?

ఇబ్రహీం తండ్రి నవ్వలేదు. తమ ఇంటి వెనక పాతిన రాయిని గడ్డపారతో పెరికి, దొర్లించుకుంటూ పోయి బావిలో పడేశాడు. రాయి లేకపోతే హద్దు లేదు, హద్దు లేకపోతే నీళ్ళకు ఎక్కడిదాకా రావాలో తెలియదు. అదీ ఆయన లెక్క. నీళ్ళు ఆ లెక్క వినలేదు. ఇంటినీ, బావినీ, బావిలోని రాయినీ కలిపి మింగేశాయి. ఊరి జనం గుట్ట వాలు మీద కొత్తూరు కట్టుకున్నారు.

ఇప్పటికీ ఎండాకాలం నీళ్ళు వెనక్కు పోతే పాతూరి మొండిగోడలు బయటపడతాయి. ఇబ్రహీం ప్రతి వేసవిలో అక్కడికి నడిచిపోయి, తమ గడపరాయి మీద కాసేపు కూర్చొని వస్తాడు. ఏం చేసి వచ్చావని ఎవరైనా అడిగితే, "ఇల్లు చూసొచ్చిన" అంటాడు.

కొత్తూరు మెట్లు మెట్లుగా ఉంటుంది. అన్నిటికన్నా కింద వాగు వాడ. దానికి ఎగువన బోరింగు. బోరింగుకు ఎగువన ఇబ్రహీం ఇల్లు. ఆ ఇంటికి వెనక, ఇంకా మీదికి పోతే బడి. రెండువేల తొమ్మిది దసరా పోయిన వారానికి కృష్ణ ఎన్నడూ లేనంతగా పొంగినప్పుడు, వెనక్కి తన్నిన నీళ్ళు వాగు వాడను గొంతులోతు ముంచి, ఇబ్రహీం ఇంటి మూడో మెట్టు దగ్గర ఆగాయి. ఒక రాత్రి, ఒక పగలు అక్కడే నిలబడి, తమకేదో పని గుర్తుకొచ్చినట్టు తిరిగి వెళ్ళిపోయాయి. నాలుగో మెట్టు తడవలేదు. ఆ సంగతి ఊరంతటికీ తెలుసు. ఇబ్రహీం అందరికన్నా ఎక్కువసార్లు చెప్పాడు.

మరుసటి ఎండాకాలంలో ఒక సంస్థ తరఫున దశరథం అనే సారు వచ్చాడు. ఈసారి వరద వస్తే ఊరు ఊరంతా ముందే తయారుగా ఉండాలని, ఎవరో వచ్చి కాపాడేదాకా కూర్చోవద్దని చెప్పాడు. బడి ముందు నేల అలికించి, ముగ్గుపిండితో ఊరిని గీయమన్నాడు. ఆడవాళ్ళు వాగును గీశారు, పిల్లలు బోరింగును గీశారు. అందరిలోకీ హుషారుగా తిరిగింది ఇబ్రహీం పెద్ద మనవరాలు బుష్రా. ఇంటర్ అయిపోయి, కర్నూల్‌లో నర్సు చదువుకు ఎదురుచూస్తున్నది. వనపర్తిలో మూడు రోజులు శిక్షణకు కూడా పోయి వచ్చింది.

సారు ఇబ్రహీం చేతిలో ఒక చింతగింజ పెట్టాడు.

"పెద్దాయనా, ఈ ముగ్గులో మీ ఇల్లు ఎక్కడుందో అక్కడ పెట్టు."

ఇబ్రహీం గింజను పిడికిట్లోనే ఉంచుకున్నాడు. "ఎందుకు సారూ?"

"వరద వస్తే ఎవరింటికి ముందు పోవాలో తెలవనీకి."

"వరద ఎవరు తెస్తుండ్రు?"

జనం గొల్లున నవ్వారు. సారు కూడా నవ్వాడు. "ఎవరు తేరు తాతా. అదే వస్తది."

"పోయినసారి గూడ గట్లనే అన్నరు. అదే వస్తదన్నరు."

పోయినసారి అంటే ఆయన మనసులో ఉన్నది పాతూరు. విన్నవాళ్ళకు తోచింది పోయిన దసరా. బుష్రా వచ్చి, తాత పిడికిలి విప్పి, గింజ తీసి, ఇల్లున్న చోట పెట్టింది.

అప్పుడు లెక్కలు మొదలయ్యాయి. ఇంట్లో ఎందరు? నడవలేనివాళ్ళు ఎవరు? కడుపుతో ఉన్నవాళ్ళు ఎవరు? గొడ్లెన్ని? బుష్రా ఒక పెద్ద అట్ట మీద, ముందుగా తీసుకుపోవలసినవాళ్ళు అని రాసి, కింద పేర్లు ఎక్కించింది. మొదటి పేరు వాగు వాడ జమ్ములమ్మది. తుంటి విరిగి రెండేళ్ళుగా మంచంలోనే ఉన్న మనిషి. ఆమెను మంచంతో సహా తెచ్చి వేపచెట్టు నీడలో పెట్టారు.

"మొదటి పేరు నాదేనా?" జమ్ములమ్మ పళ్ళులేని నోటితో నవ్వింది. "పింఛన్ లిస్టుల గూడ నన్ను గింత మొదట్ల రాయలే. ఓ ఇబ్రహీమూ, నీ పేరు ఎన్నోది?"

ఆయన పేరు అయిదోది. భార్య కుల్సుమ్‌బీది ఆరోది.

ఇంటికి పోయాక ఆయన బుష్రాను అడిగాడు. "నా పేరు ఎందుకు ఎక్కిచ్చినవ్?"

"అరవై దాటినోళ్ళ పేర్లన్నీ ఎక్కియ్యాలె తాతా."

"మమ్ముల ముందుగాల ఏడికి తోల్తరు?"

"బడికి."

"బడిల నుంచి?"

"బడిల నుంచి మల్ల ఇంటికే! ఇంకేడికి?"

"ఇల్లుంటదా అప్పటికి?"

బుష్రా విసుక్కోలేదు. ఆ పిల్లకు ఓపిక ఎక్కువ. కానీ ఆయన అడుగుతున్నది ఏమిటో ఆమెకు అందలేదు. ఆమె చెబుతున్నది ఆయనకు అందలేదు.

రెండో రోజు రాయి వచ్చింది.

మేస్త్రీలు మట్టం చూసే నీళ్ళగొట్టం ఒకటి పట్టుకొని, వాగు వాడ నుంచి బడి దాకా బుష్రా మూడుసార్లు కొలిచింది. ఒక కొస ఏసురత్నం పట్టుకున్నాడు. అతను జమ్ములమ్మ కొడుకు, ఊరి వరద కమిటీకి పెద్ద. కొలత అయ్యాక ఇబ్రహీం ఇంటి గోడకు నడుమెత్తున నీలిరంగు గీత గీసింది. ఆ గీతకు మట్టం చూసి, ఇంటి వెనక బడి బాట మీద, రోలంత రాయిని గుంట తీసి కూర్చోబెట్టింది. రాయికి సున్నం కొట్టి నడుమ నీలి పట్టీ వేసింది. ఈల వినపడగానే రాయికి కింద ఉన్న ఇళ్ళవాళ్ళంతా లేచి, రాయి దాటి మీదికి పోవాలి. రాయి దాటితే భద్రం. చిన్నపిల్లలకు కూడా అర్థమయ్యే మాట.

ఇబ్రహీంకు అర్థం కాలేదు.

"నీళ్ళు మూడో మెట్టు కాడ ఆగినయి గదనే. రాయి ఇంటెనకకు ఎట్ల వచ్చింది?"

"పోయినపారి ఒక్క కృష్ణనే వచ్చింది తాతా. కృష్ణ నిండుగున్నప్పుడు వాగు గూడ వస్తే ఇంక మీదికి ఎక్కుతది. నడుమెత్తు ఎక్కువ పెట్టుకోమన్నరు."

"ఎక్కుతదని నీకెట్ల ఎరుక? చూసినవా?"

"చూడలె."

"మరి రాని నీళ్ళకు రాయెందుకు?"

"రాకముందే పెట్టాలె గద తాతా!"

ఆ మాటతో ఆయన గుండెలో పాత బావి కదిలింది. రాకముందే. పాతూరిలోనూ రాకముందే పెట్టారు. ఇళ్ళు లెక్కపెట్టారు, ముసలివాళ్ళను లెక్కపెట్టారు, పేర్లు రాశారు, వేలిముద్ర వేయించారు, నీళ్ళు ఎన్నడూ రాని చోట తెల్లరాయి పెట్టారు. అన్నీ అదే వరసలో. తేడా ఒకటే. అప్పుడు పెట్టినవాడు ఎవరో పరాయి మనిషి. ఇప్పుడు పెట్టింది తన చేతుల మీద పెరిగిన పిల్ల. దీనికి వాళ్ళు ఏం చెప్పి పంపారో, దీనికైనా నిజం తెలుసో లేదో. అడిగితే నవ్వుతుంది. నవ్వు అబద్ధంలా లేదు. అయితే రాయి అబద్ధమా?

ఆయన నెలరోజులు ఇదే తిప్పుకున్నాడు. అన్నం ముందు కూర్చొని తిప్పుకున్నాడు, దూది ఏకుతూ తిప్పుకున్నాడు. బుష్రా కర్నూల్ బస్సు ఎక్కేటప్పుడు కూడా, "పైలం బిడ్డా" అనబోయి, "ఆ రాయి తీసెయ్యరాదా" అన్నాడు. ఆమె నవ్వి, "దాని కాడికి పోకు తాతా, నడుము పట్టుకుంటది" అన్నది.

ఆమె పోయిన వారానికి సంత. ఊరు ఊరంతా కొల్లాపూర్ పోయింది. మిట్టమధ్యాహ్నం బడి బాట మీద కుక్క కూడా లేదు. ఇబ్రహీం గడ్డపార తీసుకున్నాడు. అరవై ఏడేళ్ళ మనిషికి రాయిని మీదికి ఎక్కించడం సాధ్యం కాదు గాని, కిందికి దించడం పెద్ద పనేమీ కాదు. వాలు ఉంది. రాయే నడిచింది, ఆయన వెనక పోయాడు. తమ ఇల్లు దాటించాడు, సందు దాటించాడు, బోరింగు పక్కన తడినేలలో దానికి కుదురుగా గుంట తీశాడు. ఇప్పుడు ఇల్లు రాయికి మీద ఉంది. ఇల్లు లెక్కలో లేదు. బావిలో పడేయనందుకు తండ్రికన్నా తాను తెలివైనవాడిననుకొని, ఆ రాయి మీదే కూర్చొని చెమట తుడుచుకున్నాడు.

ఇంటికి రాగానే కుల్సుమ్‌బీ ఆయన చేతులు చూసింది. అరచేతులకు సున్నం.

"ఏందిది?"

"రంజాను వస్తుంది గద. గోడకు సున్నం కొడ్త."

"రంజానుకు ఇంక నెల మీద ఉంది."

"ముందుగాల కొడ్తే ఏమైతది? అందరు ముందుగాలనే చెయ్యాలంటుండ్రు గద."

అదే రోజు గోడ మీది నీలిగీత కూడా సున్నం కింద పోయింది. కుల్సుమ్‌బీ వెనక్కు పోయి బడి బాట చూసి వచ్చింది. ఖాళీ గుంట చూసింది. వచ్చి, చెంబుతో నీళ్ళు ఆయన ముందు పెట్టింది.

"అయ్య బావిల ఏసిండు, కొడుకు బోరింగు కాడ ఏసిండు. మీ ఇంటి మొగోళ్ళకు ఇదొక రోగం."

ఆమె ఎవరికీ చెప్పలేదు. ఆయనే చెబుతాడని చూసింది.

శ్రావణంలో ఊరివాళ్ళు ఒకసారి ఉత్తుత్తి వరద ఆట ఆడారు. దశరథం సారు ఆ రోజు రాలేదు, కొత్త మనిషినెవరినో పంపాడు. ఏసురత్నం ఈల ఊదాడు, వాగు వాడ జనం మూటలు నెత్తిన పెట్టుకొని నవ్వుకుంటూ పరుగెత్తారు. బోరింగు దాటగానే ఆగిపోయారు.

"రాయి ఈడికి ఎప్పుడు వచ్చిందిరా?" అన్నాడు ఏసురత్నం.

"బుష్రా పోయేటప్పుడు మల్ల కొలిచి పెట్టిందేమో," అని ఎవరో అన్నారు. "మంచిదాయె. బడిదాక ఎక్కే బాధ తప్పింది."

అందరూ సంతోషించారు. కష్టం తగ్గించే తప్పును ఎవరూ తరచి చూడరు. ఇబ్రహీం తన గుమ్మంలో నిలబడి అంతా విన్నాడు. అప్పుడు చెప్పవలసింది. అదొక్కటే మాట, రెండు ముక్కలు. చెబితే రాయి మళ్ళీ వెనక్కు పోతుంది, ఇల్లు మళ్ళీ లెక్కలోకి వస్తుంది. ఆయన లోపలికి పోయి దూది ముందు కూర్చున్నాడు.

రంజాను నెల సగం దాటాక ఆ వాన వచ్చింది. కృష్ణ వెనకనీళ్ళు అప్పటికే వాగు నోటిదాకా నిండుగా నిలబడి ఉన్నాయి. లింగాల వైపు అడవుల మీద మబ్బు తెగిపడ్డదని చెప్పుకున్నారు. మధ్యాహ్నం నమాజు చేసి ఇబ్రహీం చాప మడుస్తుండగా ఈల వినపడింది. ఈసారి ఎవరూ నవ్వడం లేదు.

నలుగురు మంచం మోసుకొచ్చి ఆయన వాకిట్లో దించారు. మంచం మీద, గోనెపట్ట కప్పుకొని జమ్ములమ్మ. వెనక పిల్లలు, మూటలు, మేకలు, కోళ్ళ గంప. పదిహేను ఇరవైమంది.

"మామా, జర సాయమాన్ల జాగా ఇయ్యి," అన్నాడు ఏసురత్నం నీళ్ళు పిండుకుంటూ. "రాయి దాటినం, ఇగ ఫికర్ లేదు."

"బడికి పోరాదు?"

"బడెందుకు మామా? రాయి కిందనే ఉంది గద. నీ ఇల్లు మీదుంది. గా బురదల అమ్మను మీదికి ఎక్కిచ్చుడంటే కష్టం."

ఇంటికి వచ్చినవాళ్ళను పొమ్మనడం ఇబ్రహీం ఇంట్లో ఎన్నడూ లేదు. ఆయన సాయమానులో, ఆ వసారా పొడుగునా చాపలు పరిచాడు. పాత పరుపు ఒకటి తెచ్చి పిల్లలకు వేశాడు. చేతులు పని చేస్తున్నాయి, లోపల ఒకటే లెక్క తిరుగుతున్నది. మూడో మెట్టు దాటవు. పోయినసారి దాటలేదు, ఈసారీ దాటవు. నాలుగో మెట్టు తడవదు.

కుల్సుమ్‌బీ పక్కకు వచ్చి నిలబడింది. "చెప్తవా, నన్ను చెప్పుమంటవా?"

"ఏం చెప్పాలె? నీళ్ళు రావు."

"రావని నీకెట్ల ఎరుక? చూసినవా?"

తాను బుష్రాను అడిగిన మాటే. అది ఆయనకు గుచ్చుకుంది.

"ఓ ఇబ్రహీమూ," మంచంలోంచి జమ్ములమ్మ పిలిచింది. "ఇయ్యాల గూడ ఉపాసమేనా?"

"అవునక్కా."

"చుట్టూ గిన్ని నీళ్ళు పెట్టుకొని దూప ఓర్చుకునుడు నీకే చెల్లింది."

జనం నవ్వారు. ఆయన కూడా నవ్వబోయాడు. అప్పుడు ఆయన చూపు మోరీ కాలువ మీద పడింది.

ఆ ఇంట్లో దూది ఏకే కొట్టం వెనక ఉంది. అక్కడి నుంచి మోరీ వాకిలి పక్కగా వీధిలోకి పోతుంది. ముప్పై ఏళ్ళుగా ఆ మోరీలో దూది పింజలు తేలుతూ కిందికి పోతుంటే చూస్తూనే ఉన్నాడు. ఆ పొద్దున కూడా ఒక పాత దిండు దూది ఏకాడు. పింజలు మోరీలో కిందికి పోతున్నాయి. తర్వాత నెమ్మదించాయి. తర్వాత ఆగాయి. ఒక తెల్లటి పింజ, ఎటు పోవాలో తెలియని పిల్లలాగా, అక్కడే గుండ్రంగా తిరిగింది. తిరిగి తిరిగి ఇంటి వైపు వచ్చింది. దాని వెనక ఇంకొకటి.

పాతూరిలో ఆఖరి రోజున తండ్రి ఇంటి ముందు నిలబడి ఏటినే చూస్తున్నాడు. ఏరు ఇంకా దూరంగానే ఉంది. నీళ్ళు వచ్చింది వెనక మోరీలోంచి. ఇలాగే, దూదిని వెనక్కు మోసుకుంటూ.

"లెవ్వుండ్రి!" ఇబ్రహీం అరిచాడు. ఆ గొంతు ఆయనకే కొత్తగా వినపడింది. "లెవ్వుండ్రి, మంచం లేపుండ్రి! బడికి నడువుండ్రి!"

"ఏమైంది మామా?"

"నీళ్ళు వస్తున్నయి. ఈ ఇల్లు ఆగదు."

"మెట్లకే రాలేదు గద ఇంక. రాయి..."

"రాయి తప్పు!"

అందరూ ఆయన వైపు తిరిగారు. ఏసురత్నం కనుబొమలు ముడిపడ్డాయి. "తప్పా? బుష్రా కొలిచి పెట్టిన రాయి తప్పెట్లయితది? కొలతల తప్పువోయిందా పిల్ల?"

ఆ ఒక్క క్షణం ఇబ్రహీం చేతిలో ఉంది. నోరు తెరిచాడు. కుల్సుమ్‌బీ చూస్తున్నది. పిల్లలు చూస్తున్నారు.

"తప్పన్న గద! అడుగుకుంట నిలవడ్తవేందిరా? మంచం లేపు!"

అని తానే ఒక మంచంకోడు పట్టుకున్నాడు. ఉపవాసం ఉన్న ముసలివాడు ముందు పట్టుకున్నాక, ఇక ఎవరూ ఆగలేదు. బురదలో మోకాళ్ళమీద పడుతూ లేస్తూ ఎక్కారు. జమ్ములమ్మ దారి పొడుగునా ఏసుప్రభువును పిలుస్తూ, మధ్యమధ్య మోసేవాళ్ళను తిడుతూ వచ్చింది. వాళ్ళు బడి వరండా ఎక్కేసరికి కింద ఇబ్రహీం మూడో మెట్టు లేదు. నాలుగో మెట్టు లేదు. కాసేపటికి గడప లేదు. సాయంత్రపు అసర్ నమాజు వేళకు, కృష్ణ వెనకనీళ్ళ మీదికి ఎర్రగా దూకిన వాగునీళ్ళు ఆ ఇంటి కిటికీల్లోంచి ఇవతలికి కారుతున్నాయి. దూదేకే కొట్టం మట్టిగోడ ఒక నిట్టూర్పులా కూర్చుండిపోయింది. సాయమానులో పరిచిన పరుపు తేలుతూ బయటికి వచ్చింది.

మనుషులందరూ ఉన్నారు. మేకలు కూడా ఉన్నాయి. కోళ్ళ గంప ఒకటి పోయింది.

నీళ్ళు ఎక్కడ ఆగాయో ఇబ్రహీం చూశాడు. ఇంటి వెనక, బడి బాట మీద, రాయి పెరికిన గుంట ఇంకా అలాగే ఉంది. బాట మీద ఆ గుంటకు ఇంకా నాలుగడుగుల దూరంలో ఆగాయి. బుష్రా చూడని నీళ్ళు, బుష్రా చెప్పిన చోటికి వచ్చి నిలబడ్డాయి. ఆ పిల్లకు ఎట్లా తెలిసిందో ఆయనకు అప్పుడూ అర్థం కాలేదు.

పొద్దుగూకాక ఏసురత్నం వచ్చి ఆయన పక్కన కూర్చొని, సత్తుగ్లాసులో నీళ్ళు, అరచేతిలో బెల్లంముక్క పెట్టాడు. "ఖర్జూరం లేదు మామా. దీంతోనే ఉపాసం ఇడువు. నువ్వు సమయానికి చూసినవ్, మా అమ్మ బతికింది."

ఇబ్రహీం బెల్లం నోట్లో వేసుకున్నాడు.

"పిల్ల గురించి ఫికర్ పడకు," అన్నాడు ఏసురత్నం గొంతు తగ్గించి. "చిన్నపోరి. కొలతల తప్పువోయింది. మేమెవ్వరం ఏమనం."

బెల్లం తియ్యగా లేదు.

ఏమనం అన్నవాళ్ళు ఏమీ అనలేదు, అది నిజమే. కాకపోతే దశరథం సారు రాయి సంగతి అడగడానికి బుష్రాకు ఫోన్ చేశాడు. ఆమె రాయి బోరింగు దగ్గర పెట్టలేదన్నది. అక్కడే ఉంది గదమ్మా అన్నాడు ఆయన. మూడుసార్లు కొలిచానన్నది. తర్వాత రెండుసార్లేమో అన్నది. ఆ తర్వాత ఏడ్చింది. పండుగకు రాలేదు. మొన్న కుల్సుమ్‌బీతో ఫోన్‌లో అన్నదట: "అవ్వా, ఈడ మందు గూడ కొలిచే ఇయ్యాలె. కొలత తప్పే చెయ్యి సూది ఎట్ల ఇస్తది? నేను ఇడిసిపెట్టి వస్త." నెల ఆఖరుకు పెట్టె సర్దుకుంటానన్నదట.

కుల్సుమ్‌బీ ఫోన్ ఇబ్రహీం చేతికి ఇచ్చింది. ఆయన చెవి దగ్గర పెట్టుకున్నాడు. అవతల బుష్రా ఊపిరి వినపడుతున్నది.

"తిన్నవా బిడ్డా?" అన్నాడు.

"తిన్న తాతా."

అంతే. ఫోన్ తిరిగి ఇచ్చేశాడు.

ఆయన ఇంకా పరేషాన్‌లోనే ఉన్నాడు. పాతూరిలో రాయి పెట్టినవాళ్ళు ఊరిని ముంచారు. కొత్తూరిలో రాయి పెట్టిన పిల్ల ఊరిని కాపాడబోయింది. చూడడానికి రెండు రాళ్ళూ ఒక్కతీరే ఉన్నాయి. ఏది ఏ రాయో మనిషి ఎట్లా గుర్తుపట్టాలి? తండ్రికి తెలియలేదు. కొడుక్కు తెలియలేదు. ఇల్లు పోతుందనే కదా జరిపాడు. జరిపినా నీళ్ళు వచ్చాయి, జరపకపోయినా వచ్చేవి. అంటే నీళ్ళకూ రాయికీ సంబంధమే లేదా? మరి రాయి ఎవరికోసం? బహుశా మనిషికోసమే. ఇది కూడా ఆయన సరిగ్గా చెప్పలేడు.

ఇగ చాలు నిషాత్. చెయ్యి నొస్తుందా? ఇంక రెండు మాటలే.

రాయి బోరింగు కాడనే ఉంది. ఏసురత్నం వచ్చి ఏడ పెట్టాల్నో చెప్పమంటుండు, నాకు తెల్వదన్న. దానికే తెలుసు, అదే వచ్చి పెట్టాలె. చదువు ఇడిసిపెట్టి గాదు, సెలవుల వచ్చి. ఈ శుక్కురారం జుమ్మా అయినంక కమిటీ కూసుంటది, ఆడ అందరి ముందర నేనే చెప్త. కాని ముందుగాల అది వినాలె.

ఈడ మాత్రం ఇబ్రహీం అని రాయకు. నేను అని రాయి. రాయి జరిపింది నేను. నీ కొలత తప్పుగాదు బిడ్డా, నీళ్ళు నీ గుంట కాడికే వచ్చి ఆగినయి, నేను కండ్లార చూసిన. రాసినవా? కొట్టెయ్యకు.

ఇప్పుడు కర్నూల్‌కు ఫోన్ కలుపు. మొదటి నుంచి ఆఖరుదాక మీ అక్క బుష్రాకు చదివి వినిపియ్యి. నడుమ ఏడిస్తే ఆగు, కాని ఫోన్ పెట్టెయ్యనియ్యకు. నేను ఈడనే కూసుంట.